డిస్కు మీద చెయ్యి

చక్రం విప్పగానే మెకానిక్ ఒక అడుగు వెనక్కి వేశాడు. కొత్త బ్రేకు డిస్కు మీద ఐదు వేళ్ల అచ్చు నల్లగా మాడి ఉంది. గుడ్డతో ఎంత రుద్దినా పోలేదు.

కారు తిప్పి తెచ్చిన బామ్మర్ది షెడ్డు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"కొత్త బ్రేకులు కుదురుకోవాలంటే అరవై స్పీడుకి పోయి పదికి తగ్గించు, అలా పదిసార్లు. వేడి మీద పూర్తిగా ఆపితే బ్రేకు ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుందని చిలక్కి చెప్పినట్టు చెప్పానుగా! ఎక్కడ ఆపావురా?"

"ఆపలేదు బావా."

"మరి ఈ చెయ్యెవరిది, మీ అక్కదా?"

బామ్మర్ది నవ్వలేదు. చల్లారుతున్న ఇనుము చిటపటమంటోంది.

"తొమ్మిదోసారి చీకట్లో ఎవరో చెయ్యెత్తి రోడ్డుకి అడ్డం వచ్చారు బావా. ఆపొద్దన్నావుగా... నేను ఆపలేదు."