ముంగిస ఓడి చూపించిన ఆట

ఈ అడవిలో తగువులు తీర్చే ఖర్మ తాబేలునైన నాకు పట్టింది.

మొన్న ఉడత పెళ్లాం ఏడుస్తూ వచ్చింది. "తాతా, వానాకాలానికి దాచిన వేరుశనక్కాయలన్నీ మా ఆయన ముంగిసతో పేకాడి పోగొట్టాడు. పిల్లలకేం పెట్టను?"

ఎండుటాకులే వాళ్ల పేకముక్కలు. మా అడవిలో అదృష్టం మీద నడిచే ఆటకి పందెం కాయకూడదు, తెలివి మీద నడిచేదానికైతే కాయొచ్చు. ముంగిసనీ, ఉడతనీ పిలిపించాను.

"ఇది అచ్చంగా తెలివి ఆట తాతా," అంది ముంగిస.

"అదృష్టం ఆటలో కావాలని ఓడిపోవడం ఎవరివల్లా కాదు. నీది తెలివే అయితే ఉడతతో మళ్లీ ఆడి ఓడి చూపించు," అన్నాను.

ముంగిసకి రోషం వచ్చింది. మంచి ఆకులు పడ్డప్పుడల్లా పందెం పెంచి, చివర్లో ఆట వదిలేసింది. సాయంత్రానికి అది గెలిచిన కాయలన్నీ తిరిగి ఉడత ముందు గుట్టపడ్డాయి.

"చూశావా తాతా, నా తెలివి!" అని ఎగిరింది ముంగిస.

"చూశాను. తెలివి ఆటే. కాబట్టి పందెం చెల్లుతుంది, కాయలు ఉడతవే," అన్నాను. దాని మొహం మాడిపోయింది.

హమ్మయ్య, తగువు తీరిందనుకున్నాను. ఉడత పెళ్లాం కాయలు మూట కట్టబోయింది. ఉడత దాని చెయ్యి తోసేసి మీసం దువ్వుకుంది.

"చూశావా తాతా, నా తెలివి! ఏయ్ ముంగిసా, ఇంకో ఆట వెయ్యి," అంటూ కాయలన్నీ మళ్లీ పందెంలోకి నెట్టింది.

ఉడత పెళ్లాం నా వంక చూసింది. ఇంత ఆయుష్షు నాకెందుకిచ్చావు దేవుడా అనుకుంటూ తల డిప్పలోకి లాక్కున్నాను.