ఎండబెట్టిన క్యాసెట్

“దుర్గా! ఆపరేషన్ బ్రహ్మాండంగా అయ్యింది. రేపు పొద్దున్న కట్టు విప్పేస్తారంట. మామ్మకి చూపొచ్చేస్తుంది!”

అమలాపురం కంటాసుపత్రి నుంచి ఫోన్లో నాగసతీష్ సంబరం. కొత్తపేటలో అతని భార్య విజయదుర్గ మాత్రం వంటింటి గుమ్మం మీద కూలబడిపోయింది.

పెళ్లై రెండు నెలలు. అత్తారింట్లో ఆమెకు అన్నీ ముచ్చటే. బీరువా అడుగున తాతగారి షష్టిపూర్తి వీడియో క్యాసెట్ దొరికితే ఎగిరి గంతేసింది. అరవయ్యో ఏట ఆయన మామ్మ అచ్చాయమ్మ మెడలో మళ్లీ తాళి కట్టిన వేడుక. ఇప్పుడు లేని ఆ మనిషి కదులుతూ కనిపించేది అందులోనే.

టేపుకి బూజు పట్టి ఉంది. దుర్గ దాన్ని డాబా మీద వడియాల పక్కన ఎండబెట్టింది. సాయంత్రానికి టేపంతా ముడుచుకుపోయింది.

“ఇక బొమ్మ రాదండమ్మా” అనేశాడు స్టూడియో అతను.

ఆ మాట ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదు. క్యాసెట్ దొరికిందని విన్న మామ్మేమో, పెట్టు వింటానంది. కళ్లకు శుక్లాలు ముదిరి మామ్మకు ఏమీ కనబడదు. అదే మేళం, అవే మంత్రాలు. అందరూ పొలం వెళ్లాక దుర్గ తన పెళ్లి వీడియోనే పెట్టి, పక్కన కూర్చుని చెప్పడం మొదలెట్టింది.

“తాతగారు పగలబడి నవ్వుతున్నారు మామ్మగారూ!”

“ఆయనే? నలుగురిలోనా?” అచ్చాయమ్మ బోసినోటితో కిసుక్కుమంది. “సర్లే గానీ, పెళ్లికూతురు ఎలా ఉంది?”

“మెరిసిపోతున్నారండీ.”

రోజూ మధ్యాహ్నం అదే వీడియో. రోజూ పెళ్లికూతురి గురించే ప్రశ్నలు. చీర ఏ రంగు? తలంబ్రాలప్పుడు నవ్విందా? తన చీర రంగు తనే మర్చిపోయింది పాపం, అనుకునేది దుర్గ. తప్పు చేస్తున్నానని తెలుస్తూనే ఉండేది.

ఏళ్ల తరబడి ఆపరేషనంటే హడలిపోయిన మనిషి, పోయిన వారం తనంతట తనే అంది. “నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లండిరా. ఆ వీడియో కళ్లారా చూసుకోవాలి.”

అప్పట్నుంచీ దుర్గకు ముద్ద దిగడం లేదు.

“ఇదుగో, మామ్మ మాట్లాడుతుందట” అన్నాడు ఫోన్లో సతీష్.

“మామ్మగారూ…” అంది దుర్గ. “మీకో మాట చెప్పాలండీ. ఆ వీడియో…”

“దాని గురించే పిలిచేను. రేపు కట్టు విప్పగానే తిన్నగా ఇంటికొచ్చేస్తాను, పెట్టి ఉంచు” అంది అచ్చాయమ్మ. “ఇన్నాళ్లూ చెవులతో విన్న నీ పెళ్లి, రేపు కళ్లతో చూస్తానే అమ్మాయ్!”