రేపు ప్రాక్టికల్

రాత్రి షిఫ్టు ముగించుకుని స్వప్నిక చేవెళ్లలో కంపెనీ క్యాబ్ దిగేసరికి ఆదివారం పొద్దు బాగా ఎక్కింది. కళ్లు మండుతున్నాయి. ఇంటికి పోయి, తలుపు వేసుకుని, సాయంత్రం దాకా పడుకోవాలి. రాత్రంతా ఆ ఒక్క ఆశతోనే నెట్టుకొచ్చింది.

చెప్పులు విప్పుతుండగానే ముసలవ్వ బాలనర్సమ్మ ఎదురొచ్చింది.

"జర చూడు బిడ్డా. ఆ కంప్యూటర్ ఏమైందో ఏమో. పొద్దుగాల్నుంచి పిల్ల మంచినీళ్లు సుత ముట్టలే."

లోపల రమ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రబడింది.

"ఏం చేసినవ్?" అంది స్వప్నిక.

"విండోస్ మళ్ల ఎక్కించిన. మస్తు నెమ్మదిగ నడుస్తున్నది గద, వైరస్ వచ్చిందనుకున్న. ఇప్పుడు లినక్స్ కనపడ్తలేదు."

స్వప్నికకు సగం నిద్ర వదిలిపోయింది. తనకు ఉద్యోగం రాగానే కోఠి నుంచి మోసుకొచ్చిన కంప్యూటర్ అది. కంప్యూటర్‌ను నడిపే ఆ రెండు వ్యవస్థలూ అందులో ఉండేవి. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగేది. పాటలకు, ఫోటోలకు విండోస్. రమ డిగ్రీ ప్రోగ్రాములకు లినక్స్. ఇప్పుడు అడగడమే లేదు. నేరుగా విండోస్ తెరుచుకుంటోంది, కొత్తగా, ఖాళీగా.

"నీ ప్రాజెక్టు?"

"లినక్స్‌లనే ఉన్నది."

"ఇంకెక్కడన్న కాపీ చేసి పెట్టినవా?"

రమ తల అడ్డంగా ఊపింది.

ప్రాక్టికల్ పరీక్ష రేపే, మొయినాబాద్ దగ్గరి కాలేజీలో. పోయినేడు ఇదే పరీక్ష తప్పింది రమ. ఆ తర్వాత చాలా రోజులు పుస్తకం ముట్టలేదు. బతిమాలి మళ్లీ కూర్చోబెట్టింది స్వప్నికే. సెలవు దొరికినప్పుడల్లా పాఠాలు చెప్పిందీ తనే.

"విండోస్ డిస్కుల ఏ భాగంల వేసినవ్?"

"మొదటిదాంట్లనే అనుకుంట."

"అనుకుంటవా? లినక్స్ ఉన్న రెండోది ఫార్మాట్ కొట్టినవంటే అంతా పోయినట్టే!"

"ఏదో అడిగింది. ఎంటర్ కొట్టిన."

స్వప్నికకు ఓపిక తెగిపోయింది.

"పరీక్ష ముందు రోజు దాన్ని ముట్టుకొమ్మని ఎవలు చెప్పిన్రు? నాకు ఫోన్ చేస్తే కాకపోవునా? రాత్రంత పనిచేసి వచ్చి మళ్ల ఈ పంచాయితీ ఒకటి. నీతోని చదువు కాదు. బంద్ చెయ్ ఇగ!"

రమ లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపించింది.

"గట్లంటరా బిడ్డా," అంది అవ్వ గడప దగ్గరి నుంచే.

స్వప్నిక సీడీ నుంచి తెరిచి డిస్కు చూద్దామని పాత లినక్స్ సీడీ వెతికి కంప్యూటర్‌లో పెట్టింది. దాని నిండా గీతలు. కంప్యూటర్ దాన్ని సగం దాకా చదివి ఆగిపోయింది. తుడిచి పెట్టింది. మళ్లీ ఆగిపోయింది. చున్నీ వేసుకుని బస్టాండు దగ్గరున్న సాముయేలు నెట్ సెంటర్‌కు నడిచింది. నెత్తి మీద ఎండ. సాముయేలు సొరుగులన్నీ వెతికి ఒక సీడీ తీసిచ్చాడు.

"ఏంది చెల్లె, గట్లున్నవ్? పానం బాగలేదా?"

"మా ఇంట్ల రేపు పరీక్ష ఉన్నదన్నా. నాకు నిద్ర లేదు."

తిరిగొచ్చి సీడీ పెట్టి కూర్చుంది. తెర మీద తెల్లటి అక్షరాలు పాకుతూ పోతున్నాయి. ఎంత ఆపుకున్నా రెప్పలు ఆగడం లేదు. ఎప్పుడో తల బల్ల మీదికి వాలిపోయింది. ఉలిక్కిపడి లేచేసరికి పక్కన చాయ్ గ్లాసు ఉంది. వెనకాల రమ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

స్వప్నిక డిస్కు భాగాలు తెరిచి చూసింది. మొదటిది విండోస్. రెండోది తెరుస్తుంటే వేలు ఒక్క క్షణం ఆగింది.

ఉంది. రమ పేరుతో ఫోల్డరు, దాంట్లో ప్రాజెక్టు, ప్రోగ్రాములు అన్నీ ఉన్నాయి. కొత్తగా ఎక్కిన విండోస్, ఏది కావాలని అడిగే ఆ మెనూను ఒక్కదాన్నే చెరిపేసింది.

"నీవి ఏం పోలే. అన్ని ఉన్నయ్."

రమ గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

మెనూను మళ్లీ ఎక్కించి, ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లోకి తీసి, స్వప్నిక కూడా వచ్చి నేల మీద పక్కనే కూర్చుంది.

"నిద్రల ఏదేదో అన్న. మనసుల పెట్టుకోకు."

"నువ్వన్నది నిజమేనేమో అనిపించింది," అంది రమ. "క్లాసుల అందరు టకటక కొడ్తుంటరు. నాకు వేళ్లు వణుకుతయ్."

"వణికితే వణకనీ. ప్రోగ్రాం నడిస్తే చాలు."

ఇక పడుకుందామనుకునేసరికి మళ్లీ షిఫ్టు వేళయింది. స్వప్నిక మేనేజర్‌కు సెలవు కావాలని మెసేజ్ పెట్టి, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

మరునాడు ఇద్దరూ మొయినాబాద్ బస్సెక్కారు. రోడ్డు పొడుగునా చేలల్లో ప్లాట్ల హద్దురాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. స్వప్నిక కిటికీకి తల ఆనించి కునుకు తీసింది. రమ పెదవులు కదుపుతూ కమాండ్లు నెమరేసుకుంది.

కాలేజీ గేటు దగ్గర గుంపు కట్టి ఉన్నారు జనం. వాచ్‌మన్ స్వప్నికను చూసి పక్కకు జరిగి దారిచ్చాడు. వెనకాలే వస్తున్న రమకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పరీక్ష ఉన్నోళ్లే లోపలికి. తోడొచ్చినోళ్లు బయటనే ఉండాలె."

"పరీక్ష నాకే అన్నా, తోడొచ్చింది నా బిడ్డ," అంటూ రమ హాల్‌టికెట్ చూపించి లోపలికి నడిచింది.