సరంగుగారి అల్లుడు

"అట్టతో పడవేంటమ్మా? నానిపోదూ?" వీడియో కాల్లో వెంకటనారాయణ నొసలు ముడివేశాడు.

"నానదు నాన్నా, ఆ పూచీ నాది," అంది ఉమాశ్రీ.

ఆయన వెనక కాకినాడ హార్బరంతా డప్పుల మోత. రెండు నెలల వేట నిషేధం ముగిసింది. రంగు కాగితాల తోరణాలు కట్టుకున్న పడవలు వరసగా నిలబడ్డాయి. గంగమ్మ పూజ కాగానే అన్నీ కలిసి హార్బరు చుట్టూ తిరిగొస్తాయి. ముప్పై ఏళ్లుగా సరంగుగా పడవ నడుపుతున్న వెంకటనారాయణ పక్కన ప్రతి ఏడూ ఆ రోజు ఉమాశ్రీ ఉండేది. ఈ ఏడు ఆమె హైదరాబాదు నల్లగండ్లలో కొత్త కాపురంలో ఉంది. మర్నాడే భర్త కిరణ్‌కి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు, సెలవు దొరకలేదు.

అందుకని పండగనే ఇక్కడికి తెప్పించింది. అపార్టుమెంటు గ్రూపులో ఒక్క మెసేజ్ పెడితే చాలు, క్లబ్‌హౌస్ ఈతకొలనులో జంటల పడవ పందేనికి తొమ్మిది జంటలు పేర్లిచ్చాయి.

అసలు కారణం వేరే ఉంది. వెంకటనారాయణ ఈ ప్రేమపెళ్లికి ఒప్పుకున్నాడు, ఉన్నంతలో బాగా చేశాడు కూడా. పిలుపు మాత్రం 'కిరణ్‌గారు' దగ్గరే ఆగిపోయింది. "అనంతపురం మనిషి, చెంబులో తప్ప నీళ్లు చూడనోడు. పండగనాడు పడవలో పడిపోకుండా నిలబడమను, అప్పుడు అల్లుడంటాను," అని అప్పగింతలప్పుడే చెప్పేశాడు. అందరూ నవ్వారు. ఉమాశ్రీకి నవ్వు రాలేదు.

కిరణ్ వంగి తెల్ల బూట్ల తాళ్లు బిగిస్తున్నాడు. బుగ్గ మీద నీలం రంగు ఇంకా పోలేదు. కొత్త ఫ్రిజ్ వచ్చిన పెట్టె, వాషింగ్ మెషిన్ వచ్చిన పెట్టె కోసి అతికించి, మూడు సాయంత్రాలు ఇద్దరూ కూర్చుని రంగులేశారు. హార్బరులో పడవలకి ఆడపిల్లల పేర్లు పెడతారు, తండ్రి పడవ పేరు 'ఉమాశ్రీ'. ఆమె తన పడవకి 'కిరణ్' అని రాసింది. చివరి అక్షరానికి చోటు చాలక అది కిందికి జారింది. దాన్ని చూసినప్పుడల్లా ఇద్దరికీ నవ్వే.

"నాకు ఈత రాదని మీ నాయనకు తెలుసు గదమ్మే."

"ఈతెందుకండీ? నిలబడితే చాలు."

"నువ్వు నవ్వాకు. నువ్వు నవ్వితే నాకు కాళ్లు వణుకుతాయి."

ఆమె ఇంకా నవ్వింది.

'బి బ్లాకు ముందున్న తెల్ల కారు తీయండి, ట్యాంకరు లోపలికి రావాలి' అని మైకు రెండోసారి అరిచింది. ఈత కోచ్ శ్రీను మార్చి నుంచి జిమ్‌లోనే ఉంటున్నాడు. ఇవాళ మళ్లీ మెడలో ఈల వేసుకుని కొలను గట్టెక్కాడు.

"జర ఇటు వినుండ్రి! మూడడుగుల లోతు కాడ షురూ, ఆరడుగుల లోతు కాడ ఖతం. తెడ్డు ఆగినా ఔటే, పడవ అడుగు తగిలినా ఔటే. గంతే!"

ఉమాశ్రీ ఫోన్ని పక్క ఫ్లాటు తేజస్విని చేతికిచ్చింది. "నడుం పైనుంచే తియ్యి. మొహాలు బాగా పడాలి."

"అబ్బో, కొత్త పెళ్లికూతురు సోకు!" అంది తేజస్విని.

ఇద్దరూ మెట్లు దిగి పడవలోకి దూరారు. ఉమాశ్రీ పడవ ముక్కుకి పసుపు రాసి, వేపరెమ్మ కట్టి, చీరెకొంగులోంచి ఒక సీసా తీసింది. పెళ్లిలో సారెతో పాటు తండ్రి పెట్టిన సముద్రం నీళ్లు.

"అన్నీ పోస్తావా? కొంచెం దాచుకోమ్మే."

"గంగమ్మ దగ్గర పిసినారితనమా?" అంటూ చివరి చుక్క దాకా పడవ ముక్కు మీద పోసింది.

ఈల మోగింది. పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదిలాయి. ఊగుతున్న పడవలో ఇద్దరూ ఒకే ఊపున తెడ్లు వేశారు. గట్టు మీద ఫోన్ పట్టుకుని తేజస్విని వాళ్లతో సమానంగా పరుగెత్తుతోంది. సగం దాటారు. లోతు మొదలయ్యే చోట పడవ ముక్కు ఒక్కసారిగా కిందికి దిగింది. కిరణ్ ముందుకి తూలాడు.

"మోకాళ్లు వంచండి!" ఫోనులోంచి కాకినాడ కేక వేసింది. "నడుం వదులు చెయ్యండి! పడవతో పాటు ఊగండి!"

కిరణ్ మోకాళ్లు వంచాడు. తూలిన మనిషి నిలదొక్కుకున్నాడు. తెడ్డు ఆగలేదు, అడుగు తగల్లేదు. రెండో పడవగా అవతలి గోడ తాకారు.

మొదట ఎవరొచ్చారో ఉమాశ్రీ చూడనే లేదు. నిచ్చెనెక్కి ఫోను దగ్గరికి పరుగెత్తింది. కిరణ్ గట్టు మీద కాళ్లు చాపుకుని కూలబడి రొప్పుతున్నాడు. తేజస్విని సంబరంలో చెప్పిన మాట మరిచిపోయి, అతన్ని తల నుంచి కాళ్ల దాకా చూపించేసింది.

ఉమాశ్రీ పెదవి కొరుక్కుంది.

"నాన్నా..."

"నువ్వుండమ్మా." ఆయన ఫోన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకుని కళ్లు చికిలించాడు. మీసం కింద నవ్వు కదిలింది. "అల్లుడూ!"

కిరణ్ దిగ్గున లేచి నిలబడ్డాడు. "చెప్పు మామా!"

"వచ్చే ఏడు మా పడవ ఎక్కేటప్పుడు ఆ బూట్లు విప్పెయ్యి. ఇక్కడ తడుస్తాయి."

ఆ రోజు ఆ ఈతకొలనులో ఉన్న నీళ్లన్నీ ఉమాశ్రీ సీసాలోంచి పోసినవే.