బాణం మార్చమన్న పెద్దాయన

"అమ్మాయ్, ఈ మౌస్ బాణం కాస్త పెద్దది చెయ్యవూ? కనబడి చావట్లేదు."

గ్రంథాలయంలో పుస్తకాలు వెతికే కంప్యూటర్ దగ్గర పెద్దాయన మళ్లీ తయారు. ఈ పేచీ రోజూ ఉన్నదే.

ఆ గ్రంథాలయానికి సాఫ్ట్‌వేర్ రాసిన అమ్మాయికి ఒళ్లు మండింది. అవతల కొంప మునిగేలా ఉంటే ఈయనకు బాణం ముచ్చటొకటి.

కౌంటర్‌లో కూర్చునేది ఆమె అత్తగారే. ఈమధ్య ఒకరు తీసుకెళ్లిన పుస్తకాన్ని కంప్యూటర్‌లో ఇంకొకరి పేర ఎక్కించేస్తోంది. మళ్లీ జరిగితే కౌంటర్ నుంచి తప్పిస్తానని లైబ్రేరియన్ తెగేసి చెప్పాడు. ఆ కుర్చీ పోతే అత్తయ్య మంచం పట్టేస్తుందని కోడలి బెంగ.

"తిరకాసంతా నీ ప్రోగ్రాములోనే ఉందే" అంటుంది అత్తయ్య.

ఆ తిరకాసు దొరక్క కోడలు తల పట్టుకుంటోంది.

"కళ్లజోడు మార్చుకోండి తాతగారూ."

"జోడుతో తీరేది కాదమ్మా. పసుపుపచ్చ బాణం, చుట్టూ నల్లంచు. అంతే. నీకు చిటికెలో పని."

పోరు పడలేక ఆమె బాణం బొమ్మ గీసింది. పాత బాణం బదులు విండోలో అది కనబడేలా కోడ్‌లో ఒక వరుస చేర్చింది.

మర్నాడు పెద్దాయన హాజరు.

"బ్రహ్మాండంగా ఉంది. కానీ ఒక పుస్తకం మీద నొక్కితే పక్కది తెరుచుకుంటోంది."

కోడలు నాలిక్కరుచుకుంది. బొమ్మలో బాణం కొస ఎక్కడుందో కోడ్‌కి చెప్పడం మరిచిపోయింది. చెప్పకపోతే అది బొమ్మ నడిమధ్యనే కొస అనుకుంటుంది.

సరిచేసి తలెత్తేసరికి, పెద్దాయన పై అరలోని పుస్తకాల మీది చీమ తలకాయంత అక్షరాలు జోడు లేకుండా చదివేస్తున్నాడు.

"కళ్లు నిక్షేపంలా ఉన్నాయిగా. నాతో వేళాకోళమా? నాకు వేరే పనీపాటా లేదనుకున్నారా?"

ఆయన నొచ్చుకోలేదు.

"కౌంటర్‌లో కూడా ఈ బాణమే పెట్టు తల్లీ. అన్నిచోట్లా ఒకేలా ఉంటే బాగుంటుంది."

పీడ విరగడైతే చాలనుకుని పెట్టేసింది. ఆయన మళ్లీ రాలేదు.

చిత్రంగా అత్తయ్య తప్పులు ఆగిపోయాయి. తిరకాసు ఎలా పోయిందో కోడలికి అంతుపట్టలేదు. పోతే పోయింది, అత్తయ్య కుర్చీ నిలిచింది, అదే చాలనుకుంది.

ఒక మధ్యాహ్నం కౌంటర్‌లో అత్తయ్య కొంగుతో కళ్లొత్తుకుంటోంది.

"ఆ పెద్దాయన పోయారటే."

కోడలు వచ్చి పక్కన కూర్చుంది.

"అయ్యో, నోటికొచ్చినట్టు అనేశాను అత్తయ్యా. అంత మంచి చూపున్న మనిషి ఆ బాణం కోసం నన్నెందుకు అంతలా పట్టుకున్నారో."

అత్తయ్య ఆమె చెయ్యి తడిమి పట్టుకుంది.

"ఆయన నా కళ్ల డాక్టరమ్మా, నాకు చూపు పోతోందని ఎవరికీ, ముఖ్యంగా నీకు, చెప్పొద్దని నేను మాట తీసుకుంటే, నా జబ్బు తనదని చెప్పుకుని నీ దగ్గరికొచ్చారు."