కోల గుండె బిళ్లలు

పాలప్యాకెట్లతో పాటే ఇంటింటికీ గుండె బిళ్లలు వచ్చే రోజులవి. ఎవరి గుండె ఆకారాన్ని బట్టి వాళ్లకి తయారయ్యేవి. ఒకరివి మరొకరు వేసుకుంటే ప్రాణానికే ముప్పు. హైమ అమ్మానాన్నలిద్దరికీ గుండెజబ్బే. కానీ నాన్నది కోల గుండె, అమ్మది గుండ్రటిది.

ఆ ఉదయం అమ్మ ఆయాసంతో వంటగదిలో కూలబడింది. ఒంట్లో ఏ మందుందో చూపే పరీక్షపలకని హైమ ఆమె ఛాతీమీద ఆనించింది. పలకమీద కోలగా ఎర్రటి గుర్తు పడింది. లోపలున్నది కోల గుండె మందు!

"ఎవరి బిళ్లలు వేసుకున్నావమ్మా?"

"మీ నాన్న రోజూ మర్చిపోయి వదిలేసేవే. పారేయబుద్ధి కాక..."

"మరి నీవి?"

"దాచా. ఇవాళ వానకి ఆయనవి రాలేదుగా, అవే ఇచ్చా."

హైమ పలకతో వరండాలోకి పరిగెత్తింది. నాన్న దాన్ని పక్కకు తోసేశాడు.

"ముందు మీ అమ్మని చూడవే."

ఆయన పెదాలు అప్పటికే నీలంగా ఉన్నాయి.