ఎద్దు పలుపు

"సిపాయిల కూరకు ఈ ఎద్దు కావాలి," అంటూ మిలిటరీ కెప్టెన్ హులిగెమ్మ చేతిలోని పలుపు లాక్కున్నాడు.

"దుక్కిటెద్దును కోతకిస్తే పంటెవరు పండిస్తారు? ఇచ్చేది లేదు," అని తాసిల్దారు పలుపు కొస పట్టుకున్నాడు.

"జపానువాడు వస్తే మీ పంటను చూసి ఆగుతాడా?"

"జొన్నలు లేకపోతే మీ సిపాయిలు తూటాలు నములుతారా?"

ఈ లాగుడుకు విసిగిన ఎద్దు కెప్టెన్ బూట్ల మీద పేడ వేసింది. హులిగెమ్మ నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాసిల్దారుకు అడ్డం పెట్టుకోవడానికి కొంగు లేదు.

బూట్లు తుడుచుకునేసరికి కెప్టెన్ మెత్తబడ్డాడు. "సరే, ఎద్దును ఉంచుకోండి. కానీ నా లారీ డోను రైలు స్టేషనుకు ఖాళీగా పోకూడదు. పటాలానికి ఒక మనిషినివ్వండి."

"మనిషే కదా," అన్నాడు తాసిల్దారు తేలికపడి. కాడి భుజాన పెట్టుకుని నిలబడ్డ హులిగెమ్మ కొడుకు ఉరుకుందును చూపించాడు. "వీణ్ణి పిలుచుకుపోండి."

పెద్దమనుషులిద్దరూ నవ్వుతూ చేతులు కలుపుకున్నారు.

హులిగెమ్మ ఎద్దు మెడలోని పలుపు విప్పి కొడుకు మెడలో వేసింది. కొస తెచ్చి ఇద్దరి ముందూ పట్టింది.

"వీడు గూడా దుక్కి దున్నేటోడే సామీ. వీని కోసం గూడా రవ్వంత కొట్లాడండి."